మిస్ట్ మళ్ళీ ఆడదామనుకునేవాళ్ళకి: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్నప్పుడు సీడీలో మిస్ట్ అనే కంప్యూటర్ గేమ్ ఆడి సగంలో వదిలేసినవాళ్ళు, పూర్తి చేసి ఇప్పటికీ ఆ లైబ్రరీని మర్చిపోలేనివాళ్ళు, అసలు పేరే వినని కొత్తవాళ్ళు, ముగ్గురూ కొత్త వెర్షన్ గురించి దాదాపు ఇవే అడుగుతుంటారు, అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నా. జవాబులు నేరుగా చెప్పేయను, దారి మాత్రం చూపిస్తా.

అసలు మిస్ట్ అంటే ఏం గేమ్? షూటింగ్ ఉంటుందా?

ఉండదు. తుపాకీ లేదు, శత్రువులు లేరు, చావు లేదు, పాయింట్లు కూడా లేవు. ఒక పుస్తకం దొరుకుతుంది, అందులో కదిలే బొమ్మ మీద చెయ్యి పెట్టగానే ఒక ద్వీపంలో తేలతారు, చుట్టూ సముద్రం, మనుషులు ఎవ్వరూ లేరు, ఎక్కడో గాలి చప్పుడు, ఒక పడవల రేవు, కొండ మీద పెద్ద పెద్ద పళ్ళ చక్రాలు, ఒక రాకెట్, మధ్యలో లైబ్రరీ, అంతే, ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. తిరిగి, చూసి, చదివి, విని మీరే కనుక్కోవాలి. లైబ్రరీలో ఒక ఎర్ర పుస్తకం, ఒక నీలం పుస్తకం ఉంటాయి, వాటిలో ఇద్దరు అన్నదమ్ములు చిక్కుకుని ఉంటారు, సిరస్, అకెనార్ అని. ఇద్దరూ మిమ్మల్ని బతిమాలతారు, ఇద్దరూ రెండోవాడిని నమ్మొద్దంటారు. వాళ్ళ నాన్న ఆట్రస్ పుస్తకాలు రాస్తే ఆ పుస్తకాల్లోంచి వేరే లోకాలకి వెళ్ళొచ్చు, ఆ లోకాలనే గేమ్‌లో ఏజ్ అంటారు. నాలుగు ఏజ్‌లు తిరిగి చిరిగిపోయిన పేజీలు తెచ్చి ఆ పుస్తకాల్లో పెడుతుంటే కథ కొంచెం కొంచెంగా తెలుస్తుంది.

ఎవరు చేశారు, ఎప్పుడు?

రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అని ఇద్దరు అన్నదమ్ములు, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ పక్కన ఉన్న వాళ్ళ కంపెనీ సయాన్. అంతకుముందు చిన్నపిల్లల గేమ్స్ చేసేవాళ్ళు. మిస్ట్ 1993 సెప్టెంబర్‌లో మ్యాకింతోష్ మీద వచ్చింది, 1994లో విండోస్ మీదకి వచ్చింది. 60 లక్షల కాపీల పైనే అమ్ముడుపోయింది, 2002లో ది సిమ్స్ అనే గేమ్ దాటేదాకా పీసీ గేమ్స్ అమ్మకాల్లో అదే టాప్. చాలామంది సీడీరామ్ డ్రైవ్ కొన్నదే దీని కోసమని అప్పట్లో అనుకునేవాళ్ళు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 2012లో మొదటిసారి వీడియో గేమ్స్ సేకరణ మొదలుపెట్టినప్పుడు తీసుకున్న 14 గేమ్స్‌లో ఇదొకటి.

ఇంకో విషయం, గేమ్‌లో ఆ పాత్రల్లో నటించినవాళ్ళు కూడా వీళ్ళే. ఆట్రస్‌గా, అకెనార్‌గా రాండ్, సిరస్‌గా రాబిన్. సంగీతం రాబిన్‌దే. మొదట్లో అసలు సంగీతమే వద్దనుకున్నారట, ధ్యాస పక్కకి పోతుందని, తర్వాత ఒకసారి పెట్టి చూస్తే ఆ వాతావరణం ఇంకా బలపడింది, అలా ఉండిపోయింది.

ఇన్ని మిస్ట్‌లు కనిపిస్తున్నాయి, ఏది కొనాలి?

ఇక్కడే చాలామంది తికమక పడతారు. 1993ది అసలైనది. 2000లో మాస్టర్‌పీస్ ఎడిషన్ వచ్చింది, అది అవే బొమ్మలు, రంగులు మెరుగు చేసి. అదే ఏడాది రియల్ మిస్ట్ అని ఇంకోటి వచ్చింది, అందులో మొదటిసారి త్రీడీలో స్వేచ్ఛగా నడవొచ్చు. 2014లో దానికి మళ్ళీ మాస్టర్‌పీస్ ఎడిషన్. చివరగా మొత్తం మొదటినుంచీ అన్‌రియల్ ఇంజిన్ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో కట్టిన కొత్తది 2020 డిసెంబర్‌లో క్వెస్ట్ అనే, తలకి తగిలించుకుని ఆడే వీఆర్ హెడ్‌సెట్‌కి, 2021 ఆగస్టులో పీసీకి, ఎక్స్‌బాక్స్‌కి వచ్చింది. తర్వాత ఐఫోన్, ఐప్యాడ్‌కి కూడా ఇచ్చారు. దాని పేరు వట్టి మిస్ట్ అనే ఉంటుంది, పక్కన ఏ తోకా ఉండదు. ఈ పేజీ అంతా దాని గురించే.

మీ దగ్గర గ్రాఫిక్స్ కార్డ్ లేని పాత ల్యాప్‌టాప్ ఉంటే కొత్తది లాగుతుంది, బలవంతంగా ఆడి విసుగు తెచ్చుకోకండి, అసలైనదే ఆడండి, అది స్కమ్‌వీఎం అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఇప్పటి కంప్యూటర్ల మీద కూడా చక్కగా నడుస్తుంది, కాకపోతే గేమ్ ఫైల్స్ మాత్రం మీ దగ్గర ఉండాలి.

చిన్నప్పుడు ఆడేశా, జవాబులన్నీ గుర్తున్నాయి, మళ్ళీ ఎందుకు ఆడాలి?

మంచి ప్రశ్న, ఎందుకంటే మిస్ట్‌కి ఉన్న పెద్ద ఇబ్బందే ఇది. జవాబు తెలిసినవాడు అసలైన గేమ్‌ని కొన్ని నిమిషాల్లో ముగించేయొచ్చు, ఒక్క ఏజ్‌కి కూడా వెళ్ళకుండా. కొత్తదాంట్లో దీనికోసమే ఒక ఆప్షన్ పెట్టారు, కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడే పజిల్స్ రాండమైజ్ చెయ్యమని ఎంచుకోవచ్చు. అప్పుడు నంబర్లు, కోడ్‌లు మారిపోతాయి. పాత నోట్‌బుక్ పనికిరాదు, ఇంటర్నెట్‌లో ఉన్న వాక్‌త్రూలో, అంటే జవాబులన్నీ వరసగా చెప్పేసే గైడ్‌లో, నంబర్లూ పనికిరావు, క్లూ ఎక్కడుందో దాన్ని మీరే వెతికి చదవాలి.

ఒకసారి ఆడినవాళ్ళు తప్పకుండా ఇది ఆన్ చేసుకోండి, నా మాట వినండి. ఎలా చెయ్యాలో చేతులకి గుర్తుంటుంది కానీ ఏం నొక్కాలో తెలీదు, ఆ మధ్యలో ఉండే స్థితి చాలా బావుంటుంది. మొదటిసారి ఆడేవాళ్ళకి ఇది అక్కర్లేదు.

కొత్తదాంట్లో ఏం మారింది?

పైకి అంతా మారింది, లోపల చాలా తక్కువ మారింది. అదే ద్వీపం, అవే కట్టడాలు, అవే పజిల్స్, కాకపోతే మీరు బొమ్మ నుంచి బొమ్మకి గెంతకుండా నడుచుకుంటూ వెళ్తారు, తల ఎటు కావాలంటే అటు తిప్పుతారు. గడ్డి ఊగుతుంది, నీళ్ళు కదులుతాయి. కొన్ని మీటలు, లివర్లు వీఆర్‌లో చేత్తో పట్టుకుని లాగేలా మళ్ళీ డిజైన్ చేశారు, చక్రం అయితే నిజంగానే తిప్పాలి, లాగాల్సిన చోట లాగాలి. మౌస్‌తో ఆడేవాళ్ళకి అందులో కొన్ని కొంచెం నిదానంగా అనిపిస్తాయి. ఏజ్‌ల లోపల కూడా కొన్నిచోట్ల గదుల అమరిక అటూ ఇటూ అయ్యింది, ముఖ్యంగా మెకానికల్ ఏజ్ చూస్తే పాతవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. రియల్ మిస్ట్‌లో 2000లో కలిపిన రైమ్ అనే మంచు లోకం మొదట్లో ఇందులో లేదు, తర్వాత ఉచిత అప్‌డేట్‌లో వచ్చింది.

ఆ పుస్తకాల్లో మాట్లాడే అన్నదమ్ముల వీడియోలు తీసేశారట కదా?

తీసేసి వాళ్ళ స్థానంలో త్రీడీ బొమ్మలు పెట్టారు, గొంతులు మాత్రం అవే పాత రికార్డింగ్‌లు. విడుదలైనప్పుడు పాత ఫ్యాన్స్‌కి ఇది నచ్చలేదు, నాక్కూడా నచ్చలేదు, ఎందుకంటే ఆ గరగరలాడే చిన్న కిటికీలో రాండ్ కళ్ళు పెద్దవి చేసి అరుస్తుంటే కలిగే భయం బొమ్మ ముఖంలో రాదు. తర్వాత పాత వీడియోలే చూసుకునే ఆప్షన్ ఇచ్చారు, సెట్టింగ్స్‌లో ఉంటుంది. అది పెట్టుకునే ఆడండి.

అప్పట్లో అవి కదలని బొమ్మలు కదా, ఆ ఫీల్ పోలేదా?

కొంత పోయింది, అది ఒప్పుకోవాలి. అసలైన మిస్ట్‌లో సుమారు 2,500 బొమ్మలు, ఒక్కొక్కటీ కంప్యూటర్ మీద గీసి, రెండర్ చేసి, హైపర్‌కార్డ్ అనే యాపిల్ ప్రోగ్రామ్‌లో కార్డుల్లాగా పేర్చి చేసిన గేమ్ అది. అప్పటి సీడీ డ్రైవ్‌లు చాలా నెమ్మది, రంగులు 256 మాత్రమే, అందుకే కదిలే సీన్ల జోలికి పెద్దగా వెళ్ళకుండా నిశ్చలమైన బొమ్మల మీద ప్రాణం పెట్టారు. ప్రతి బొమ్మలో నీడ ఎక్కడ పడాలి, తలుపు ఎంత తెరిచి ఉండాలి అనేది ఒక మనిషి కూర్చుని నిర్ణయించాడు, అందుకే మీరు ఏది చూడాలో అదే చూసేవారు. ఇప్పుడు తల మీ చేతిలో ఉంది కాబట్టి ఒక స్విచ్ పక్కనుంచే నడిచిపోయి చూడకపోవచ్చు.

కానీ పోయినదాని బదులు వచ్చింది కూడా తక్కువదేం కాదు. చిన్నప్పుడు ఆ చక్రాల కొండ మీద నుంచి లైబ్రరీ ఎంత దూరమో నాకెప్పుడూ తెలీలేదు, ఒక క్లిక్, ఇంకో క్లిక్, వచ్చేసేది. ఇప్పుడు నడుస్తుంటే ద్వీపం ఎంత చిన్నదో, అంత చిన్న చోటులో ఎన్ని రహస్యాలు ఇమిడాయో అర్థమైంది, టవర్ మీద నుంచి మొత్తం కనిపిస్తుంటే అక్కడే నిలబడిపోయా.

సౌండ్ లేకుండా ఆడొచ్చా? ఇంట్లో అందరూ పడుకున్నాక ఆడతా.

వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మిస్ట్‌లో శబ్దం అలంకారం కాదు, సగం క్లూలు చెవికే ఇస్తారు. సౌండ్స్ చేసిన క్రిస్ బ్రాండ్‌క్యాంప్ పనితనం చూడండి, బాయిలర్‌లో మంట చప్పుడు కోసం నిజం మంట రికార్డ్ చేస్తే మంటలా వినిపించలేదు, అందుకని రాళ్ళు పరిచిన దారి మీద కారు మెల్లగా నడిపి ఆ చప్పుడు వాడుకున్నాడు. గడియారం గంట కోసం ఒక రెంచ్ కొట్టి దాని శ్రుతి బాగా కిందకి దించాడు. నాలుగో అయిదో గదులు దాటాక కూడా ఏ యంత్రం నడుస్తోందో ఏది ఆగిపోయిందో వినబడుతూనే ఉంటుంది, ఆగిపోయిందంటే మీరేదో మార్చారని అర్థం.

నోట్స్ రాసుకోవాలా? ఫోన్‌లో ఫొటోలు తీస్తే చాలదా?

రాసుకోండి. అప్పట్లో ఈ గేమ్ డబ్బాలోనే ఖాళీ నోట్‌బుక్ ఒకటి పెట్టి ఇచ్చేవాళ్ళు, అంటే చేసినవాళ్ళే దాన్ని గేమ్‌లో భాగం అనుకున్నారు. ఫొటో తీస్తే అది ఫోన్‌లో పడి ఉంటుంది, మీరు చూడలేదు. చేత్తో గీస్తే గీసేటప్పుడే కన్ను పడుతుంది, అరే ఈ గుర్తు ఇంతకుముందు అక్కడ చూశానే అని. లైబ్రరీలో ఒక పుస్తకం నిండా గళ్ళ నమూనాలే ఉంటాయి, అవన్నీ మాత్రం గీయక్కర్లేదు, ఏది కావాలో చివర్లో తెలుస్తుంది. డైరీల్లో ఉన్న చుక్కల గుర్తులు, శబ్దాల క్రమం, దిక్కులు, తేదీలు, ఇవి రాయండి.

మా ఇంట్లో అన్నయ్య మౌస్ పట్టుకుంటే నేను లాంగ్ నోట్‌బుక్‌లో రాసేదాన్ని, ఆట వాడిదని వాడు అనుకునేవాడు కానీ పజిల్స్ సగం ఆ పేజీల్లోనే విడిపోయేవి.

దిగాను, తిరిగాను, ఏమీ అర్థం కావట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

లైబ్రరీకి వెళ్ళే దారిలో గడ్డి మీద ఒక చీటీ పడి ఉంటుంది, ఆట్రస్ తన భార్య క్యాథరిన్‌కి రాసిన చీటీ అది. అది చదవండి. ద్వీపం మీద ముఖ్యమైన కట్టడాల పక్కన ఉండే మీటలు, అంటే మార్కర్ స్విచ్‌లు ఎన్నో లెక్కపెట్టమంటుంది, లెక్కపెట్టేటప్పుడే ప్రతిదాన్నీ పైకి ఎత్తుకుంటూ పోండి, ఎందుకంటే ఎత్తినవే లైబ్రరీ గోడ మీద మ్యాప్‌లో కనిపిస్తాయి. మ్యాప్‌లో టవర్‌ని తిప్పుతుంటే గీత ఒక్కొక్కచోట ఎర్రగా మారుతుంది, అక్కడ వదిలి, లైబ్రరీలో ఉన్న రెండు పెయింటింగ్‌లతో ఓపిగ్గా ఆడుకోండి, దారి తెరుచుకుంటుంది, టవర్ ఎక్కితే ఏం చెయ్యాలో రాసి ఉంటుంది. ఈ ఒక్క పద్ధతి పట్టుబడితే నాలుగు ఏజ్‌లకీ తలుపు దొరికినట్టే. మునిగిన ఓడ (స్టోన్‌షిప్ ఏజ్), రాకెట్ (సెలెనిటిక్), పళ్ళ చక్రాలు (మెకానికల్), చెట్టు (చానల్‌వుడ్), ఏది ముందైనా పర్లేదు.

ఏ ఏజ్ ముందు వెళ్ళాలి? అందరూ ఒక్కోటి చెప్తున్నారు.

గేమ్ ఏ క్రమంలో వెళ్ళినా ఒప్పుకుంటుంది. నేనైతే పళ్ళ చక్రాల్లో ఉండే మెకానికల్ ఏజ్ ముందు చూడమంటా, రాకెట్‌తో వెళ్ళే సెలెనిటిక్ ఏజ్ దాని తర్వాత ఎప్పుడైనా సరే. కారణం చెప్తా.

సెలెనిటిక్ చివర్లో భూమి కింద ఒక సొరంగాల చిక్కుముడి ఉంటుంది, గుండ్రటి బండిలో కూర్చుని ఏ మలుపు తిరగాలో తెలీక అటూ ఇటూ తిరుగుతుంటారు. మిస్ట్ వదిలేసిన వాళ్ళలో చాలామంది ఇక్కడే వదిలేశారు, కాగితాల మీద మ్యాప్ గీసి గీసి విసిగిపోయి. నిజానికి అక్కడ మ్యాప్ అక్కర్లేదు. ప్రతి మలుపు దగ్గర ఒక శబ్దం వస్తుంది, ఆ శబ్దమే దిక్కు చెప్తోంది. ఏ శబ్దానికి ఏ దిక్కు అని నేర్పేది మెకానికల్ ఏజ్, అక్కడ గుండ్రంగా తిరిగే కోట ఉంటుంది కదా, దాన్ని తిప్పి ఒక దిక్కుకి ఆపినప్పుడల్లా ఒక శబ్దం చేస్తుంది, మీరు దాన్ని రాసుకుని ఉంటే సొరంగం పావుగంట పని. ఒక లోకంలో నేర్చుకున్న భాష ఇంకో లోకంలో పనికొచ్చే చోటు ఇదొక్కటే, 1993లో ఎవరూ చెప్పకుండా ఇంత నమ్మకంగా ఆటగాడికి వదిలేశారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, కొత్త వెర్షన్‌లో కూడా దీన్ని పలచన చెయ్యలేదు, అందుకు వాళ్ళకి దండం పెట్టాలి.

రాకెట్ లోపల పియానో దగ్గర ఆగిపోయా, నాకు సంగీతం అస్సలు రాదు.

రానవసరం లేదు, రెండు శబ్దాలు ఒకటేనా కాదా అని చెప్పగలిగితే చాలు. లైబ్రరీలో డైరీలో స్వరాలు ఎక్కడ నొక్కాలో బొమ్మ ఉంది. ముందు కీబోర్డు మీద ఒక స్వరం నొక్కి నోటితో అదే హమ్ చేస్తూ ఉండండి, అలాగే హమ్ చేస్తూ అవతలి చివర ఉన్న స్లైడర్ దగ్గరకి వెళ్ళి అదే ఎత్తు వచ్చేదాకా జరపండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ వాడినా తప్పు లేదు. దానికన్నా ముందు కరెంట్ ఇవ్వాలి, జనరేటర్ గదిలో మీటలన్నీ ఒకేసారి నొక్కేస్తే ఫ్యూజ్ పోతుంది, అప్పుడు బయట బ్రేకర్ మళ్ళీ వెయ్యాలి, కాబట్టి ఏ మీట ఎంత కరెంట్ ఇస్తుందో కాగితం మీద కూడుకుని నొక్కండి.

స్టోన్‌షిప్‌లో పెట్టె నీళ్ళలో ఉండిపోయింది, తీయడం ఎలా?

పెట్టెలో నీళ్ళుంటే మునుగుతుంది, గాలి ఉంటే తేలుతుంది. ఇంతకన్నా చెప్తే పజిల్ పోతుంది. లోపల ఉన్న ఆ దిక్కుల చక్రం మీద మాత్రం ఊరికే మీటలు నొక్కకండి, తప్పు నొక్కితే లైట్లు పోయి మళ్ళీ దీపస్తంభం దాకా వెళ్ళి తిప్పాలి. టెలిస్కోప్‌లో చూస్తూ ఒక చుట్టు తిరగండి, ఏదో ఒకటి మెరుస్తుంది.

చానల్‌వుడ్‌లో నీళ్ళు ఎటు పోతున్నాయో తెలీట్లేదు.

పైపు పక్కన నిలబడి వినండి. నీళ్ళు పారుతుంటే వినిపిస్తుంది, లేకపోతే వెనక్కి వెళ్ళి ఎక్కడ ఆగిందో చూడండి. అన్నింటికన్నా ముందు గాలిమర దగ్గర కుళాయి తిప్పారా?

వాక్‌త్రూ చూస్తే తప్పా?

తప్పేం కాదు, ఉద్యోగం చేసుకుంటూ రాత్రి ఒక గంట ఆడేవాళ్ళకి ఓపిక ఎంత ఉంటుందో నాకు తెలుసు. కానీ వాక్‌త్రూ తెరిచేముందు గేమ్ ఆపేసి పడుకోండి. మిస్ట్‌లో టైమ్ అయిపోవడం లేదు, ఓడిపోవడం లేదు, మీరు వదిలిన చోటే తలుపు అలాగే ఉంటుంది. అయినా కాకపోతే పూర్తి జవాబు కాకుండా మెట్టు మెట్టుగా సూచనలు ఇచ్చే హింట్ గైడ్‌లు ఉంటాయి, మొదటి సూచన చదివి మూసేయండి. మిస్ట్‌లో అన్ని క్లూలూ గేమ్ లోపలే ఉన్నాయి, బయటి జ్ఞానం ఏదీ అడగదు, ఎక్కడైనా ఇరుక్కున్నారంటే మీరు ఇంకా చూడని మూల ఒకటి ఉందన్నమాట.

పిల్లలతో కలిసి ఆడొచ్చా?

పదేళ్ళు దాటినవాళ్ళతో చక్కగా ఆడొచ్చు, ఆడాలి కూడా, మనకి కనిపించనివి వాళ్ళకి కనిపిస్తాయి. ఒక జాగ్రత్త, అకెనార్ గదులు కొన్ని భయంకరంగా ఉంటాయి, పుర్రెలు, హింస పెట్టే పరికరాలు, నెత్తురు చూపించరు కానీ అక్కడేం జరిగిందో ఊహకి వదిలేస్తారు. చిన్నపిల్లలుంటే ఆ గదులు ముందు మీరొక్కరే చూసి రండి.

ఇంగ్లీష్ అంతంత మాత్రం వచ్చినా ఆడగలమా?

తెలుగు లేదు. సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోండి. మాటలు తక్కువే, చదవాల్సింది ఎక్కువ, లైబ్రరీలో నాలుగు డైరీలు పొడవుగా ఉంటాయి, అక్కడి పుస్తకాలు చాలావరకు కాలిపోయి ఉంటాయి, మిగిలిన డైరీలు అవే. కథ కోసం మొత్తం చదవండి, పజిల్స్ కోసం అయితే బొమ్మలున్న పేజీలు ముఖ్యం.

వీఆర్‌లో ఆడితే కళ్ళు తిరుగుతాయా?

కొందరికి తిరుగుతాయి. సెట్టింగ్స్‌లో నడవకుండా ఒక చోటు నుంచి ఇంకో చోటుకి టెలిపోర్ట్ అయ్యే పద్ధతి ఉంది, తల కొంచెం కొంచెం కోణాల్లో తిరిగే పద్ధతి కూడా ఉంది, మొదట ఆ రెండూ పెట్టుకోండి. కూర్చుని ఆడొచ్చు. వీఆర్‌లో నోట్‌బుక్ రాయడం కష్టం, పక్కన ఒకరు కూర్చుని మీరు చెప్పింది రాస్తే సరిపోతుంది. ఒక పుస్తకాన్ని చేత్తో తెరిచి అందులో బొమ్మ మీద అరచెయ్యి పెట్టడం అనేది మాత్రం ఈ గేమ్ వీఆర్ కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

చివర్లో ఎవర్ని నమ్మాలి?

చెప్పను. ఏజ్‌లలో ఇద్దరి గదులూ వెతకండి, సొరుగులు తెరవండి, మనిషి నోటితో చెప్పేది ఒకటి, అతని గది చెప్పేది ఇంకొకటి. ఒకటికన్నా ఎక్కువ ముగింపులున్నాయి, కాబట్టి ఆఖరి పేజీ పెట్టేముందు సేవ్ చేసుకోండి.

ఇది అయిపోయాక ఏం ఆడాలి?

రివెన్, ఇంకో ఆలోచన వద్దు. 1997లో అయిదు సీడీల మీద వచ్చింది, మిస్ట్ కథకి నేరుగా తర్వాతి భాగం. దాన్ని త్రీడీలో మళ్ళీ కట్టాలని ఫ్యాన్స్ ఏళ్ళ తరబడి స్టారీ ఎక్స్‌పాన్స్ అనే ప్రాజెక్ట్ నడిపారు, చివరికి సయానే ఆ పని చేపట్టి 2024 జూన్‌లో రీమేక్ విడుదల చేసింది. మిస్ట్ రీమేక్‌లో పజిల్స్ దాదాపు అవే ఉంచారు కదా, రివెన్‌లో అలా కాదు, కొన్నింటిని పూర్తిగా మార్చేశారు, పాతది కంఠతా వచ్చినవాళ్ళు కూడా మళ్ళీ ఆలోచించాల్సిందే. మిస్ట్ కన్నా చాలా కష్టం, అక్కడ ఒక్కొక్క యంత్రం విడివిడిగా ఉండదు, మొత్తం ద్వీపాలన్నీ కలిపి ఒకటే పెద్ద పజిల్. ఇంకో కొత్త నోట్‌బుక్ తీసుకోండి, మందంగా ఉన్నది.